మెట్ల కింద తగిలించిన రొట్టెలు

ఈ పొద్దున బేకరీ నుంచి తెచ్చిన రొట్టె సంచికి లోపలంతా ఆవిరి పట్టి ఉంది... ముడి విప్పకుండా కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

మా చిన్నప్పుడు, రియాద్‌లో, అలాంటి సంచే రోజూ మా గుమ్మంలోకి వచ్చేది. ఎదురింటి రజియా ఆంటీ తెచ్చేది. వాళ్లది కడప. పిండి పులియబెట్టి, పైన నల్ల జీలకర్ర అద్ది, ఇంట్లోనే అక్కడి అరబ్బులు తినే కుబ్బూస్‌లాంటి రొట్టెలు కాల్చేది.

మాది గుంటూరు పక్క పల్లె. అక్కడ యూదు మతం పాటించే కొద్దిపాటి ఇళ్లలో మాదొకటి. నాన్న రియాద్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్. కాగితాల్లో మేం క్రైస్తవులం... నోటితో కూడా అంతే చెప్పాలని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని ఆయన భయం.

అమ్మకి ఆ బిల్డింగులో ఉన్న ఒకే ఒక్క స్నేహం రజియా ఆంటీ. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇద్దరూ కూరగాయలు తరుగుతూ, గుంటూరు కారం గొప్పా కడప కారం గొప్పా అని వాదించుకుంటూ ఉండేవారు...

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా యూదుల పస్కా పండగ వచ్చింది. ఆ వారమంతా పులిసిన పిండితో చేసినదేదీ ఇంట్లో ఉండకూడదు. అమ్మ కిటికీ తెరలు దించుకుని, పులియని రొట్టెలు పెనం మీద కాల్చేది. ఆంటీ మాత్రం రోజూలాగే తన రొట్టెలు తెచ్చేది. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా... అమ్మ నవ్వుతూ అందుకుని, ఆవిడ వెళ్లగానే సంచిని నా చేతికిచ్చేది.

అక్కడ రొట్టెని చెత్తలో వెయ్యరు. మెట్ల కింద, డబ్బా పక్కన ఉన్న మేకుకి తగిలిస్తారు. పశువులున్నవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. తగిలించడం నా పని.

మూడో రోజు తగిలిస్తుంటే వెనక చెప్పుల చప్పుడైంది. రజియా ఆంటీ. అంతకుముందు రెండు రోజుల సంచులూ ఇంకా అక్కడే ఉన్నాయి. నల్ల జీలకర్ర పైకి కనిపిస్తోంది.

"ఏం పాపా... రొట్టె బాగల్యా? ఒగటి గూడా తిన్నట్టు లేదే."

నాన్నకి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. అమ్మకి ఒంట్లో బాగాలేదు అనొచ్చు... అన్నం మిగిలిపోయింది అనొచ్చు... ఎప్పుడూ కథల పుస్తకాల్లో తల దూర్చే నాకు ఆ నిమిషాన ఒక మామూలు అబద్ధం తోచలేదు. తోచింది ఇది.

"మీ చేత్తో చేసినవి మేం తినకూడదంట ఆంటీ... అమ్మ చెప్పింది."

ఆ మాట అంటే ఎవరూ తిరిగి ప్రశ్న వెయ్యరని నాకు తెలుసు. ఆవిడ చేతిలోని చెత్త సంచిని డబ్బాలో వేసి, కొంగుతో చేయి తుడుచుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి రొట్టెలు రాలేదు. అమ్మ రెండుసార్లు వెళ్లి తలుపు తట్టింది. పనుందని ఆంటీ లోపలినుంచే చెప్పింది. నువ్వేమన్నా అన్నావా అని అమ్మ నన్ను అడిగింది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను.

నాన్నకి మరోటి తోచింది. మన సంగతి ఆవిడకి తెలిసిపోయింది, అందుకే దూరం పెట్టింది అన్నాడు. ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. వేసవి సెలవులకి ముందే నాకూ అమ్మకీ ఇండియాకి తిరిగెళ్లిపోయే ఎగ్జిట్ వీసా కొట్టించాడు... నిజం చెబితే ఆగిపోయే ప్రయాణం అది. చెప్పలేదు.

బయల్దేరిన రోజు ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆంటీ ఒక బిస్కెట్ పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. సీలు విప్పలేదు.

"మా చేత్తో చేసింది కాదులేమ్మా... అంగట్లోదే. దావలో పాపకి పెట్టు."

అమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నాన్న మరో ఆరేళ్లు అక్కడ ఒంటరిగా వండుకుని తిన్నాడు. నేను గుంటూరు కాన్వెంటు హాస్టల్లో చదువుకున్నాను. అమ్మకి ఇప్పటికీ ఆ సంగతి తెలీదు.

ఈమధ్య యూదు యువతీయువకుల కోసం నడిపే ఒక ఫెలోషిప్‌లో చేరాను. వారానికోసారి ఆన్‌లైన్‌లో కలిసి జ్ఞాపకం గురించీ, మనం ఎవరమన్న దాని గురించీ చదువుకుంటాం. నిన్న నా వంతు. మీ ఇంట్లో దాచుకున్న ఒక జ్ఞాపకం చెప్పమన్నారు. దించిన తెరల గురించీ, పెనం మీది రొట్టెల గురించీ చెప్పాను. మీ అమ్మది ఎంత ధైర్యం అని ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది... నేను అక్కడితో ఆపేశాను. మెట్ల కిందికి వెళ్లలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కిటికీలు తెరిచి పండగ చేసుకుంటాం. ఎవరైనా అడిగితే ఎవరమో చెప్తాం. కానీ గుమ్మం దగ్గరికి వేడి రొట్టె తెచ్చేవాళ్లు లేరు... చిన్నప్పుడు మీరన్న మాట ఏదైనా మీకూ ఇలా మిగిలిపోయిందా? ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని అనిపిస్తుంది.

ఆ మాట నాకెక్కడిదంటే... మా నాయనమ్మ కూలికి వెళ్లిన ఇళ్లల్లో, ఆమె చేత్తో ముట్టుకున్నది ఎవరూ తినేవారు కాదు.