బావ కాగితం, మా లా లైబ్రరీ

నిన్న మా లా స్కూలు లైబ్రరీ నుంచి ఈమెయిలు వచ్చింది. పాత తీర్పుల సంపుటాలు తీసేస్తున్నారట, కావలసినవాళ్ళు ఊరికే పట్టుకుపోవచ్చట. ఎర్ర అట్టల పుస్తకాలు పెట్టెల్లో పడుకున్న ఫొటో కూడా పెట్టారు. పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్‌లో బియ్యం బస్తాకే చోటు లేదు. అయినా ఆ ఫొటో చాలాసేపు చూశాను. వాటిలో సగం నేను మా బావ కోసం తిరగేసినవే.

బావంటే మా పెద్దమ్మ కూతురి భర్త. శ్రీకాకుళం వైపు మనిషి, ఈ దేశానికి వర్క్ పర్మిట్ మీద వచ్చి షిప్‌యార్డులో వెల్డరుగా చేసేవాడు. ఇనుప పలక జారి కుడిచెయ్యి నలిగింది. మూడు వేళ్ళు ఇక ముడుచుకోవు. డాక్టరు మాత్రం పరిహారం కాగితంలో నష్టం స్వల్పమని రాశాడు. అభ్యంతరముంటే కాగితం అందిన రెండు వారాల్లో చెప్పాలి. చెబితే వేరే డాక్టర్లు చూస్తారు, లేకపోతే అదే ఖాయం. ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో టీ తాగుతూ బావ ఆ కాగితం తీశాడు. కార్మికులకు ఉచితంగా సాయం చేసే ఆఫీసు పక్క వీధిలోనే ఉంది, వెళ్దామా అన్నాడు.

"నేనుండగా వాళ్ళెందుకు బావా?" అన్నాను. అప్పుడు నేను లా రెండో ఏడు. ఆ దశలో మనిషికి తెలియనిదంటూ ఉండదు.

"అదీ నిజమే. ఇంట్లో లాయరుండగా బయటోలెందుకు!" అని కాగితం నా చేతిలో పెట్టేశాడు.

మా లైబ్రరీలో లేనిది లేదు. బ్రిటిషువాళ్ళు వదిలిపోయిన చట్టాలు, మలేసియా, ఇండియా, ఇంగ్లండు తీర్పులు, రెండు గంటలకు మించి చేతికివ్వని రిజర్వు పుస్తకాలు, పాస్‌వర్డు కొడితే దేశదేశాల కోర్టులు తెరుచుకునే డేటాబేసులు. ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఒక బల్ల చోప్ చేసుకుని, అంటే నాదని ఆపుకుని, ఎక్కడెక్కడి కార్మికుల వేళ్ళ గురించో చదివాను. అభ్యంతరానికి ఒక పేజీ చాలు. నేను పదకొండు పేజీలు రాశాను, అడుగున నోట్సుతో సహా.

రెండో శనివారం ప్రింట్లు తీస్తుంటే కౌంటరులోని మలే ఆంటీ కళ్ళజోడు సర్దుకుంది. "ఎవరికి బాయ్, ఇంత పెద్దది?"

"మా బావకి ఆంటీ. గడువు రేపటిదాకా ఉంది."

ఆవిడ పక్కనున్న డాక్టరు కాగితం చూసింది. "ఇది ఎప్పుడొచ్చింది?"

"అవతలి ఆదివారం."

"ఆదివారం నీకొచ్చింది. ఆయనకెప్పుడొచ్చింది?"

బావకి ఫోన్ చేశాను. చెయ్యి పనికిరాకపోయినా యార్డులో సామాన్ల గది కాపలాకి పెట్టారు.

"అంతకుముందు మంగళారమే వచ్చినాది. మనకి సెలవు ఆదివారమే గదేటి, అప్పుడిచ్చినాను. ఏటి, ఏటైనాది?"

గడువు దాటి నాలుగు రోజులైంది. గడువులు ఎలా లెక్కపెట్టాలో చెప్పే పుస్తకాలే ఒక అర నిండా ఉన్నాయి. రెండు వారాలూ నేను ఆ అరకే వీపు ఆనించి కూర్చున్నాను.

అయినా పంపాం. పదకొండు పేజీలకి రెండు వాక్యాల జవాబొచ్చింది. గడువు దాటిందన్నది మొదటిది. థాంక్యూ అన్నది రెండోది.

కేసు ముగియగానే పర్మిట్ రద్దయింది. వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో బావ ఎడంచేత్తో నా భుజం తట్టాడు. "పోన్లేరా, నా కోసం అన్ని పుస్తకాలు సదివినావు, ఇంకెవుడు సదువుతాడు?" వెక్కిరింపేమోనని మొహం వెతికాను. కాదు.

బావకి వారంలో ఉన్నది ఒక్క రోజు, ఆ ఒక్కటీ నాకే ఇచ్చాడు. చట్టం లెక్కలో వారానికి ఏడు రోజులూ ఉన్నాయి. ఆ ఏడింటినీ చదువుకుంటూ గడిపినవాణ్ణి నేను.