ఎదురు తొట్టి మామకు పంపిన చింతకట్టెలు

ఎదురు తొట్టి మామ పోయాడు. పొద్దున ఆరున్నరకి నేను మా తొట్టి గేటు తీస్తుంటే ఆయన కొడుకు వెనక నుంచి "అక్కా" అని పిలిచాడు. నేను ముందు తాళంచెవిని గుప్పిట్లో దాచుకున్నాను. ఆ తరవాతే తిరిగి చూశాను. ఎదురు తొట్టి వాళ్ళెవరు మా గేటు దాకా వచ్చినా అలా చెయ్యడం నాకు అలవాటు.

"నాయన పోయినాడక్కా. కాఫీ ఇయ్యబోతే లెయ్యలేదు. కట్టెలు నువ్వే పంపాల" అన్నాడు.

చెన్నైలో కట్టెల అడితిని తొట్టి అంటాం. చింతాద్రిపేటలో, కూవం గట్టుకి దగ్గరగా ఉన్న మా సందులో ఒకప్పుడు ఇవి ఐదు ఉండేవి. ఇప్పుడు రెండే. ఒకటి మాది, రెండోది సరిగ్గా ఎదురుగా ఆయనది. తన తొట్టి నిండా కట్టెలు పెట్టుకుని కొడుకు నా దగ్గరికెందుకు వచ్చాడని మీకు సందేహం రావచ్చు. మా వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది. కట్టెలమ్మే ఇంట్లో మనిషి పోతే సొంత తొట్టిలోది పుల్ల కూడా వాడకూడదు, ఇంకొకరి తొట్టి నుంచి తెప్పించుకోవాలి. సొంత కుప్పలోంచి తీస్తే ఆ కుప్పకి మన ఇల్లు తెలిసిపోతుందని మా నాన్న అనేవాడు. మా పేట శ్మశానంలో కరెంటు పొయ్యి వచ్చి చాలా కాలమైంది. కానీ కట్టెలు అమ్ముకుని బతికిన మనిషిని స్విచ్చి నొక్కి కాల్చబాకండని మామ ఇంట్లో ముందే చెప్పి పెట్టాడట. అంచేత కొడుకు నా ముందు నిలబడ్డాడు.

మామ అంటున్నాను గానీ ఆయన నాకు చుట్టమేమీ కాదు. మా నాన్నకీ ఆయనకీ ఉన్న పాతికేళ్ళ పోటీలోంచి వచ్చిన వరస అది.

అంత అనుమానపు మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు, నన్ను తప్పిస్తే. గేటుకి తాళం వేసి, దాని కింద తెల్ల నూలుపోగు ఒకటి కట్టి వెళ్ళేవాడు. పొద్దున వచ్చి ముందు పోగు చూసుకుని, తరవాత తాళం ముట్టుకునేవాడు. వాన రాదని రేడియో చెబితే ఆ రోజు తప్పకుండా టార్పాలిన్ కప్పేవాడు. కట్టెల వరస మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. కూర్చున్నవాడు లేచేటప్పుడు మంచి కట్టె లాగి పచ్చి కట్టె దూరుస్తాడట. కొబ్బరి మట్టలు, చితుకులు కట్టలు కట్టే ఆడవాళ్ళు ఉంటే, ప్రతి కట్టనీ నడిమికి విడదీసి చూసేవాడు. వాళ్ళు తిట్టుకుంటూ మళ్ళీ కట్టేవాళ్ళు. నేను ఈవైపు నుంచి చూసి నవ్వుకునేదాన్ని. నవ్వుకుని, మర్నాడు మా గేటుకీ ఒక పోగు కట్టాను. అది ఆయనకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. తెలిసే ఉంటుంది.

మా నాన్నకి మగపిల్లలు లేరు. ఆయన పోయాక తొట్టిలో నేను కూర్చున్నాను. అంతకుముందు జరిగింది ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ రాసిందంతా అబద్ధమవుతుంది.

నాన్న పోయింది కార్తీకంలో, ముసురు పట్టిన రోజుల్లో. కట్టుబాటు ప్రకారం కట్టెలు ఎదురు తొట్టి నుంచే వచ్చాయి. మామ దగ్గరుండి బండికి ఎక్కించాడు. మా ఇళ్ళలో ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం గనక నేను గుమ్మంలో ఆగిపోయాను. కొరివి పెట్టింది మా ఆయన, పెరంబూరు రైలు వర్క్‌షాపులో పనిచేస్తాడు. సాయంత్రం తిరిగొచ్చిన ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఒకటే పొగ. కిరసనాయిలు పోసిన కొద్దీ ఆరిపోతా ఉండింది. మీ నాయనని అట్ట చూడలేకపోయినా" అన్నాడు.

నాకు అర్థమైపోయింది అనుకున్నాను. పాతికేళ్ళ పోటీకి ఎదురు తొట్టి మామ పచ్చి కట్టెలతో జవాబు చెప్పాడనుకున్నాను. వెళ్ళి అడగలేదు. అడిగితే ఒప్పుకుంటాడా ఏమన్నా? పదిహేడేళ్ళు ఆ మాట గుండెలో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుని వ్యాపారం చేశాను.

ఆయన మాత్రం నన్ను వదల్లేదు. నేను కూర్చున్నాక వచ్చిన మొదటి లారీకే, పిలవకుండా రోడ్డు దాటి వచ్చేశాడు. రెండు తుమ్మకట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. మెత్తగా చప్పుడైంది.

"ఏమ్మే, ఇది ఏడస్తాండాది. లారీవోడు దోవలో నీళ్ళు కొట్టినాడు. పై వరస చూసి దించుకునేసినావా?"

"నా సరుకు నేను చూసుకుంటాలే మామా."

"చూసుకున్నట్టే ఉండాదిలే" అని వెళ్ళిపోయాడు.

నేను లారీ తిప్పి పంపితే ఆయన దించుకుందామని చూస్తున్నాడని అనుకున్నాను. ఉంచుకున్నాను. నాలుగో రోజు బిర్యానీ వండే మాస్టరు ఒకాయన, మసిపట్టిన డేగిసా మూతని చేత్తో పట్టుకుని మా తొట్టికి వచ్చి సందంతా వినపడేలా అరిచాడు. అడుగు మాడి, పైన బియ్యం బియ్యంగానే ఉందట. ఎదురుగా మామ స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. నేను చెప్పలేదా అన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఆ మూగతనం అరుపుల కంటే ఎక్కువ మండించింది నన్ను. ఆ వారం నుంచి నేనూ ప్రతి లారీకీ అడుగు వరస లాగించి చూడడం మొదలుపెట్టాను.

ఇంకోసారి, లారీలు ముందు ఆయన దగ్గర ఆగి, మంచివి ఏరుకున్నాక మా దగ్గరికి వస్తున్నాయని నాకు అనుమానం వచ్చింది. వెళ్ళి నిలదీశాను. ఆయన కంగారు కూడా పడలేదు.

"ఏరుకుంటాండా. ఎవరు కాదన్నారు? మొయిన్ రోడ్డు కాడికి పోయి లారీ ఎక్కుతా. నిన్ను రావద్దన్నానా? ఎండ తగలకుండా గల్లా కాడ కూర్చుంటే కట్టె దానంతటది వచ్చి చెప్తాదా, నేను తడిసినానని?"

ఆ మర్నాటి నుంచి నేనూ మెయిన్ రోడ్డు దాకా వెళ్ళాను. లారీకి ఈ చక్రం మీద కాలు పెట్టి నేను, ఆ చక్రం మీద కాలు పెట్టి ఆయన. ఒకే కట్టె మీద ఇద్దరి చేతులూ పడిన రోజులున్నాయి. ఆయన కట్టెని చెంపకి ఆనించి చూసేవాడు. లోపల తడి ఉంటే చల్లగా తగులుతుంది, చెయ్యి కాయలు కాచిపోయి ఉంటుంది గనక చేతికి తెలియదు.

"నీ చేతినే నువ్వు నమ్మవా మామా?" అన్నానొకసారి.

"నమ్మను. మధ్యాన్నం అన్నం తిన్నాక నా చేతికి అన్నీ ఎండినట్టే ఉంటాయి" అన్నాడు.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆయన చెప్పిన ప్రతి మాటనీ నేను తిరగేసి మరగేసి చూసేదాన్ని, ఇందులో ఈయనకేం లాభం అని. దొరికేది కాదు. దొరకకపోతే ఇంకా అనుమానం వచ్చేది.

అలాంటి మనిషి కొడుకు నా ముందు నిలబడి కట్టెలు అడుగుతున్నాడు. మా తొట్టిలో ముందు భాగంలో ఉన్న సరివి కట్టెలు పోయిన వారం వానకి నానాయి. లోపల రేకుల కింద, పెళ్ళి వంటల కోసం రెండేళ్ళుగా ఆరబెట్టిన చింతకట్టెలు ఉన్నాయి. ఏవి పంపినా అడిగే నాథుడు లేడు. ముందున్నవే వేయించేద్దామా అన్న ఆలోచన నాకు రాలేదని రాస్తే మీరు నమ్మకండి. వచ్చింది. మా ఆయన ఎర్రటి కళ్ళు గుర్తొచ్చాయి. పదిహేడేళ్ళ తరవాత నా చేతికి అందిన అవకాశం అది.

రేకుల గది తెరిచాను. ఒక్కొక్క కట్టే చెంపకి ఆనించి చూసి ఇచ్చాను, కొడుకు బండిలో పేర్చాడు. కాటాలో వెయ్యలేదు. ఆయన మీద ప్రేమతో చేశానని ఇప్పుడు చెప్పుకోను. పచ్చి కట్టె పంపితే ఆయన లేచొచ్చి రెండు కట్టెలు పట్టుకుని నా ముందు నిలబడతాడేమోనని బెదురు పుట్టింది, అంతే. మధ్యలో కొడుకు కూడా ఒక కట్టె తీసుకుని చెంప దాకా తీసుకెళ్ళి, నన్ను చూసి సిగ్గుపడి దించేశాడు.

"చూసుకో నాయనా. మీ నాయనైతే చూసుకోకుండా ఎక్కించేవాడా?" అన్నాను. వాడు చూసుకున్నాడు. కళ్ళ నీళ్ళతో చూసుకున్నాడు.

మధ్యాహ్నానికి మా ఆయన శ్మశానం నుంచి వచ్చాడు. ఎట్టా కాలిందని అడిగాను. "బాగానే కాలింది" అన్నాడు. కొడుకు కూడా అదే మాట, "బాగానే కాలిందక్కా." ఇద్దరూ ఒక్కలాగే చెప్పేసరికి నాకు గుబులు పట్టుకుంది. చావు ఇంట ఎవరు నిజం చెబుతారు? రెండేళ్ళు ఆరిన కట్టె అయినా నడిమధ్య చెమ్మ ఉండిపోయిందేమో, నా చెంప కూడా నన్ను మోసం చేసిందేమో. అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా శ్మశానానికి వెళ్ళాను. ఆడమనిషివి ఎందుకొచ్చావని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ చితులు పేర్చే ముసలాయన ఒక్కడే, తన గది మెట్ల దగ్గర మూడు ఇటుకల పొయ్యి మీద టీ కాచుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"నిన్న పెద్దాయనకి పొగొచ్చిందా?" అన్నాను.

"లేదు మా. బాగా కాలింది."

"నువ్వూ అదే చెప్తాండావు."

అతను గడ్డంతో పొయ్యి వైపు చూపించాడు. "నమ్మకపోతే దాన్ని చూడు. నువ్వు పంపిన కట్టెలే."

రెండు చింతకట్టెలు. పొయ్యిలో మండుతున్నాయి. చితి మీద ఉండాల్సినవి ఇక్కడ ఉన్నాయని అర్థమయ్యేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచే లోపల అతనే మొదలుపెట్టాడు.

"తప్పే మా. పెద్దాయన మూణ్ణెల్ల ముందు ఈడికొచ్చి ఈ మెట్టు మీదనే కూర్చున్నాడు. 'నాకు కట్టెలు ఎదురు తొట్టి అమ్మాయి పంపిస్తాది. మంచివే పంపిస్తాది, నాకు తెలుసు. నువ్వు దాంట్లో చెయ్యి పెట్టబాక, ఆ తూరి పెట్టినట్టు' అని మరీ మరీ చెప్పి పోయినాడు. అయినా ఇంత మంచి కట్టె చూసి శానాళ్ళయింది. రెండే తీసినా."

"ఆ తూరి అంటే ఎప్పుడు?"

అతను గరిటెతో టీ కలుపుతూ చెప్పాడు.

"మీ నాయన తూరి మా. వారం నుంచి వాన. నా ఇంట్లో పొయ్యి వెలగలేదు, బిడ్డలు చిన్నోళ్ళు. పెద్దాయన పంపిన ఎండు కట్టెలు సగం నేను తీసుకున్నా. ఈడ నానతా ఉండిన కట్టెలు అడుగున పేర్చినా. మర్నాడే పెద్దాయన వచ్చినాడు. నా పొయ్యి మంట చూసి, ఇయ్యి నా కట్టెలే అని కనుక్కున్నాడు. ఎట్ట తిట్టినాడో నువ్వు వినలేవు."

"మరి నాకెందుకు చెప్పలేదు ఆయన?"

"నేనూ అదే అడిగినా. ఆ బిడ్డ నిన్ను తప్పుగా అనుకుంటాది కదా, పోయి చెప్పు అన్నా. 'చెప్తే మాత్రం నమ్ముతాదా? అనుకోనీ. ఎవర్నీ నమ్మకుండా ఉంటేనే అది ఆ తొట్టి నిలబెట్టుకుంటాది' అనేసి పోయినాడు."

నేను ఆ మెట్టు మీద కూర్చున్నాను. పదిహేడేళ్ళలో ఆయన రోడ్డు దాటి వచ్చిన ప్రతిసారీ నేను మొహం ఎలా పెట్టానో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. తెలిసీ వచ్చాడు. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఏడుపు ఆగలేదు. నాన్నకి ఏడ్చానో, ఈయనకి ఏడ్చానో చెప్పలేను.

ముసలాయన బెదిరిపోయి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగబోయాడు.

"తియ్యబాక. కాలనీ" అన్నాను.

టీ పొంగి దించుకున్నాక కూడా అతను వాటిని అలాగే వదిలేశాడు. నేను లేవలేదు. మంట పొగ లేకుండా నిలువుగా, నిదానంగా లేస్తోంది. దాని అవతల ఉన్న సున్నపు గోడ మీది పగుళ్ళు ఒక్కొక్కటీ నాకు తేటగా కనిపిస్తున్నాయి.