చెప్పులకంటిన నలుపు

పత్తి మొదటి ఏరుడు అయినంక మా ఊరు బోథ్‌ల ఉన్న చర్చివాళ్ళతోని బెత్లెహేం పోయిన. అక్కడ మాకు అన్నం పెట్టిన ముసలాయన పాలస్తీనా రైతు. ఆయన మాటలను మా పాస్టరు తెలుగు చేసి చెప్పిండు. నాది చేనుపనే అని తెల్వంగనే, ఆయన రోడ్డు అవతలి ఆలివ్ తోట దిక్కు చెయ్యి చూపిండు. తోట ఆయనదే. దాన్ని ఆనుకొని ఇజ్రాయెల్ వాళ్ళ ఇండ్లు లేచిన కాడి నుంచి సిపాయిలు ఆయనను తోటలకు పోనిస్తలేరట.

"యాత్రకొచ్చినదానివి, నిన్నెవ్వరు ఆపరు. కాత ఎట్లున్నదో జర చూసి రా, బిడ్డా" అన్నడు.

"ఒకరి భూమిల గట్ల ఇండ్లు కట్టుడు తప్పని దేశాలన్నీ అంటున్నయి కదా?" అని అడిగిన.

"అంటనే ఉన్నరు. ఇండ్లు లేస్తనే ఉన్నయి."

పోయిన. నన్నెవ్వరు ఆపలే. తెంపేటోళ్ళు లేక పండ్లన్నీ పండి నల్లగై రాలి, చెట్ల కింద కాలు పెట్ట సందు లేదు. ఏరాల్సిన పత్తి వానకు తడిసి నల్లబడ్డట్టే ఉన్నది. వాటిని తొక్కుకుంటనే చెట్టు చెట్టు చూసిన.

తిరిగొచ్చి, "కాత మంచిగున్నది, బాపూ" అన్న. రాలిన ముచ్చట చెప్పలే.

ఆయన నా చెప్పుల దిక్కు చూసిండు. మా దిక్కు పెద్దోళ్ళు చిన్నోళ్ళ చెప్పులు ముట్టరు. నేను వద్దనేలోపలనే ఆయన వంగి, చెప్పులకంటిన నలుపును వేలుతోని తీసి వాసన చూసిండు.

"మంచిగనే పండినయి" అన్నడు.