తలుపు పక్క కుర్చీ

"ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణ టైం వేస్టంటున్నారమ్మా పిల్లలు. నెలాఖరున వాళ్ళనే అడిగి, ఉంచడమో ఎత్తెయ్యడమో తేల్చేస్తాను" అని ప్రిన్సిపాల్ ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పాడు.

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి క్లినిక్ అంతా ఒకసారి కలయజూసింది. శిక్షణకని మెడికల్ కాలేజీ నుంచి నెలకో జట్టు విద్యార్థులు వచ్చే ఆ రెండు గదుల క్లినిక్కే ఆమె లోకం. పెళ్ళిళ్ళలో వదిన ఇప్పటికీ "మా ఆడపడుచు, దగ్గుల డాక్టరు" అని పరిచయం చేస్తుంది. ఈమె నవ్వేసి ఊరుకుంటుంది. శిక్షణ పోతే వదిన మాటే నిలిచినట్టు.

ఆ నెల జట్టులో ఒకడికి సర్జన్ బాబు అని పేరు. కాలేజీలో చేరిన రోజే సర్జన్నవుతానని చాటుకున్నాడు మరి.

"ఏమీ అనుకోకండి మేడమ్. దగ్గు, జ్వరం, బీపీ... నెలంతా ఇదేనా?"

"ఇదే నాయనా. ఆ తలుపు పక్క కుర్చీలో కూర్చో."

"అక్కణ్ణుంచి నాకేం కనబడుతుంది?"

"కనబడక్కర్లేదు. పేషెంటు వెళ్తూ వెళ్తూ ఏమంటాడో విను. అసలు మాట గొళ్ళెం మీద చెయ్యేశాకే బయటికొస్తుంది."

"వాచ్‌మన్ ఉద్యోగమన్నమాట" అని అతను పక్కమ్మాయి చెవిలో గొణిగాడు.

"జీతం కూడా లేదు" అంది డాక్టరమ్మ.

రెండో వారంలో వీధి చివరి దర్జీ మెడనొప్పితో వచ్చాడు. డాక్టరమ్మ చూసి, మాత్రలు రాసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. దర్జీ గొళ్ళెం పట్టుకుని నవ్వాడు.

"మిషన్ ముందు కూర్చుని కూర్చుని చర్మం మొద్దుబారిపోయింది బాబూ. మొన్న చిటికెనవేల్లో సూది దిగినా తెలీలేదు. చొక్కా మీద రక్తం చూసి, కుట్టడానికిచ్చినవాళ్ళు నా దుమ్ము దులిపారు!"

సర్జన్ బాబు నవ్వలేదు. "బాబాయ్, ఒక్క నిమిషం. ఏ చెయ్యి?"

చొక్కా చెయ్యి పైకి మడిస్తే పాలిపోయిన మచ్చ. కళ్ళు మూసుకోమని దూదితో తాకితే దర్జీకి తెలియనే లేదు. మోచేతి వెనక నరం తాడులా లావెక్కి ఉంది.

డాక్టరమ్మ వచ్చి మళ్ళీ చూసింది. "కుళాయి చప్పుడులో నాకు వినబడలేదు. పట్టింది నువ్వు, చెప్పేదీ నువ్వే."

అతను దర్జీ పక్కనే కూర్చున్నాడు. "బాబాయ్, ఇది కుష్టు కావచ్చు. పరీక్ష చేయిద్దాం. అదే అయినా మందులతో నయమైపోతుంది. తొందరగానే దొరికింది."

దర్జీ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నా చెయ్యి?"

"దాన్ని కాపాడుకోడానికే ఈ తొందరంతా."

పరీక్షలో అదే తేలింది. మందులు మొదలయ్యాయి.

నెలాఖరు మీటింగులో డాక్టరమ్మ చివరి వరసలో కూర్చుంది. "ఈ శిక్షణ కావాలనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు ప్రిన్సిపాల్. సర్జన్ బాబు లేచాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"సార్, నేను సర్జన్నే అవుతాను, అందులో మార్పు లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చోకపోతే, ఆ దర్జీ వేళ్ళు వంకరపోయాక నా ఆపరేషన్ బల్ల మీదికొచ్చేవాడు. నెల చాలదు, రెండు నెలలు చెయ్యండి."

"ముందు ఆ కుర్చీ వదలమనండి సార్! మమ్మల్ని కూర్చోనిస్తేగా!" అని పక్కమ్మాయి అరిచింది. హాలు గొల్లుమంది. ఒకటొకటిగా చేతులు లేచాయి. రెండు నెలలు ఖాయమైంది.

కొన్ని నెలలకి దర్జీ మందులకని వచ్చి, వెళ్తూ గొళ్ళెం మీద చెయ్యేశాడు. కుర్చీలోని కొత్త విద్యార్థిని చెవులు రిక్కించింది.

"అన్నట్టు, డాక్టరమ్మా! నిన్న అదే వేల్లో సూది గుచ్చుకుంటే వీధంతా వినబడేలా అరిచాను!"