మొదటి అరగంట నీళ్ళు

వాన పడితే వీధంతా సంబరపడుతుంది గానీ నీళ్ళాయనకు మాత్రం ఒళ్ళు మండుతుంది. నాలుగు నెలలు ఎండలకు వేగిపోయిన జనం మొదటి చినుకు పడగానే వాకిట్లోకి వచ్చి ముఖాలు తడుపుకుంటుంటే, ఈయన కిటికీ దగ్గర నిలబడి, "వచ్చిందమ్మా మహాతల్లి, ఇక చూసుకోండి" అని సణుగుతాడు.

"వానను తిట్టే మనిషిని మిమ్మల్నే చూశానండీ," అంటుంది భార్య.

నీళ్ళాయన అన్నది ఆయన పేరేం కాదు. నడుమెత్తు ఇనప తాళంచెవి ఒకటి సైకిలుకు కట్టుకుని, రోజూ ఉదయం ఆరింటికల్లా నేలలో ఉన్న వాల్వులు తిప్పి ఇళ్ళ కుళాయిలకు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రోజుకు గంటన్నర నీళ్ళు. మిగతా పొద్దంతా పైపులు ఖాళీగా పడి ఉంటాయి. ఆయన గొడవంతా ఆ ఖాళీ పైపులతోనే.

ఎండాకాలం ఫర్వాలేదు, మురుగు కాలువలు కూడా ఎండిపోయి ఉంటాయి. మొదటి వాన పడిందంటే అన్నాళ్ళ చెత్తా కుళ్ళి కాలువలు పొంగుతాయి. ఆ మురుగు నేలలోకి దిగి పాత పైపుల పగుళ్ళ చుట్టూ చేరుతుంది. నీళ్ళు ఆపగానే ఖాళీ అయిన పైపు దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు వాల్వు తిప్పితే కుళాయిలో ముందు వచ్చేది అదే. రెండు వారాలపాటు వానలు దంచి కొట్టాక కాలువలు కడిగినట్టయి కాస్త నయమవుతుంది. ఎటొచ్చీ ఆ మొదటి పది పదిహేను రోజులే ప్రాణం తీసేది.

ఇదంతా ఆయన ఎక్కడో చదువుకున్నది కాదు. నీళ్ళు వదిలిన వేళలు రాసే పుస్తకంలో, వాన పడ్డ రోజు పక్కన ఒక చుక్క పెట్టుకునేవాడు. చుక్క పెట్టిన నాలుగో రోజో ఐదో రోజో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి మంచాలు నిండేవి. ఐదేళ్ళు చూశాడు. ఐదేళ్ళూ అంతే. కిందటేడు పైవీధి దర్జీ భార్య రెండు రోజుల్లో పోయింది. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మనిషి. ఆ రోజు సైకిలు మీద వెళ్తూ వాళ్ళ వాకిలి వైపు తలెత్తి చూడలేకపోయాడు. ఈ ఏడు ఒక్క మనిషి కూడా పోకూడదని అప్పుడే పంతం పట్టాడు.

ఆయన చేసింది చిన్న పని. పైపు చివర, పల్లంలో, లైను కడగడానికి ఒక వాల్వు ఉంది. వాన పడిన మర్నాటినుంచీ ముందు అది తెరిచి, మొదటి అరగంట నీళ్ళు కాలువలోకి పారబోసి, ఆ తరవాతే ఇళ్ళకు వదలాలి. ఇంజనీరును అడిగితే ఆయన నీళ్ళు నమిలి, "సరే కానియ్. కంప్లైంట్లు వస్తే మాత్రం నాకు తెలీదు," అన్నాడు. ఒప్పుకున్నట్టా, కానట్టా? ఎవరికి తెలుసు.

మూడో రోజుకే పైవీధి ఒంటికాలి మీద లేచింది. గంటన్నరలో అరగంట పోతే మరి లేవదా? ముఖ్యంగా మేడింటావిడ. సైకిలు కనబడితే చాలు, గేటు దగ్గర కాపు కాసేది.

"మేం నీళ్ళకు మొహం వాచి ఉంటే నువ్వు కాలువలో పోస్తున్నావటగా?"

"అవి మురుగు కలిసిన నీళ్ళమ్మా. తాగితే మంచాన పడతారు."

"ఇన్నేళ్ళూ తాగలేదా? నీ తెలివి తగలెయ్య."

ఆమెకు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఆమె పక్కింటికి చెప్పాడు, ఎదురింటికి చెప్పాడు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిందే తప్ప ఒక్కరి చెవికీ ఎక్కలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఆ తిట్లన్నీ భార్యకు అప్పజెప్పేవాడు. "ఆ తాళంచెవి వాళ్ళ మొహాన పడేసి రండి," అనేది ఆవిడ. పడేస్తే వాళ్ళు మళ్ళీ మొదటి నీళ్ళే తాగుతారుగా, అదీ ఆయన బాధ.

ఆరో రోజున ఆసుపత్రి నిండింది.

ఏడుగురు. ఏడుగురూ పల్లపు సందువాళ్ళే. పైవీధుల్లో ఈ ఏడు ఒక్కరికి కూడా కడుపునొప్పయినా రాలేదు. ఆ మాట పట్టించుకున్నవాడే లేడు. "చూశారా, నీళ్ళూ పోయాయి, రోగమూ వచ్చింది," అంది మేడింటావిడ వీధి వీధంతా వినబడేలా. ఇంజనీరు ఫోన్ చేసి, "నీ ప్రయోగాలు కట్టిపెట్టు," అన్నాడు. నీళ్ళాయన తల పట్టుకున్నాడు. పల్లపు సందుకు అసలు నీళ్ళే అందవు. మధ్యలో వాళ్ళు పైపుకే మోటార్లు తగిలించి లాగేసుకుంటారు, ఆ సందు కుళాయిలో పదేళ్ళుగా వచ్చేది గాలి. మరి వీళ్ళు తాగిందేమిటి?

అంతలో భార్య పరుగున వచ్చింది. "ఏవండీ, వదినను కూడా ఆసుపత్రిలో వేశారట."

ఆయన వెంటనే సైకిలెక్కాడు. అక్క ఉండేది ఆ సందులోనే. ఇస్త్రీ పెట్టుకుని ఒంటరిగా బతుకుతోంది. తల్లి పోయినప్పుడు ఆయనకు నాలుగేళ్ళు, అక్కకు పదకొండు. అన్నం కలిపి పెట్టిందీ, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందీ, ఈ ఉద్యోగం కోసం ఆఫీసు గుమ్మం దగ్గర రోజులకొద్దీ కూర్చుందీ ఆవిడే.

ఆసుపత్రిలో అక్క కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. చేతికి సెలైన్ ఎక్కుతోంది. "నిన్ననే తీసుకురావలసింది, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం," అని నర్సు మొహం మీదే చెప్పింది. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"అక్కా, ఏం నీళ్ళు తాగావు?"

ఆవిడ అటూ ఇటూ చూసి, వేలితో దగ్గరికి రమ్మంది. "మెల్లగా మాట్లాడరా. నువ్వు పంపిన నీళ్ళే."

"నేనెప్పుడు పంపాను?"

"నా దగ్గర కూడా దాపరికమేంట్రా? సందు చివర పెద్ద గొట్టం లోంచి, టంచనుగా ఆరింటికి, అరగంటసేపు ధారగా వస్తున్నాయిగా. పదేళ్ళుగా మాకు గాలి తప్ప నీళ్ళు రావట్లేదని నీ కడుపు తరుక్కుపోతుంటే నాకు తెలీదా?" ఆవిడ కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "బయటికి పొక్కితే నీ ఉద్యోగానికి ముప్పని నేనే అందరి నోళ్ళూ కట్టేశా. మా తమ్ముడు మనకోసం దొంగచాటుగా వదులుతున్నాడు, పైవీధిలో ఎవరూ నోరు జారకండి అని ఒట్టు వేయించుకున్నా."

"మట్టి రంగు చూళ్ళేదా అక్కా?"

"వానాకాలం గదా అనుకున్నాం. నాలుగు మడతల గుడ్డ కట్టి పట్టుకున్నాం. బయటి నీళ్ళయితే కాచేదాన్నేరా. నువ్వు పంపినవి గదా అని కాచలేదు."

నీళ్ళాయనకు అర్థమైంది, ఆ గొట్టం తను రోజూ తెరిచే వాల్వుదే. తనను తిట్టినవాళ్ళందరికీ పేరుపేరునా సంజాయిషీ చెప్పాడు. తిట్టనివాళ్ళకు చెప్పాలని తోచలేదు. వాల్వుకూ ఆ గొట్టం మూతికీ మధ్య వంద అడుగుల దూరం. ఇన్ని రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కిందికి దిగి చూసుంటే సరిపోయేది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అబద్ధం చెప్పలేకపోయాడు.

"అవి మంచినీళ్ళు కావక్కా. మురుగు కలిసిన నీళ్ళు. పారబోయడానికి వదిలాను."

ఆవిడ సెలైన్ సీసా వైపు తల తిప్పుకుంది. తరవాత, "అయితే మాకోసం కాదన్నమాట," అంది. అని కళ్ళు మూసుకుంది.

మర్నాడు ఆరింటికి ఆయన వాల్వు తెరిచి, సైకిలు మీద పల్లపు సందులోకి దిగాడు. బిందెలు అప్పుడే వరస కట్టి ఉన్నాయి. ఏడుగురు మంచాన పడ్డా బిందెలు ఆగలేదు, ఇంత దగ్గర్లో వేరే నీళ్ళుంటే కదా ఆగడానికి. తాళంచెవి అడ్డం పెట్టి గొట్టం ముందు నిలబడ్డాడు. ఉన్న మాటంతా చెప్పాడు. సగంమంది నమ్మలేదు. "మీ అక్కకు బాగాలేదని మా నోటి దగ్గరివి లాగేస్తావా," అంది ఒకామె. తిట్టుకుంటూనే అరగంట నిలబడ్డారు, ఆయనా కదల్లేదు. ధార తేటపడ్డాక సీసాలో కొన్ని నీళ్ళు పట్టి, క్లోరిన్ చూసే మందు రెండు చుక్కలు వేశాడు. పసుపు రంగు తిరిగింది, అంటే క్లోరిన్ ఉంది, మురుగు పోయింది. అప్పుడు కూడా పైవీధి వాల్వు తెరవకుండా, ఆ గొట్టాన్ని మరో పావుగంట అలాగే వదిలేశాడు. సందులో ప్రతి బిందే నిండింది.

ఇంజనీరు ఫోన్ రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఎవరి ఆర్డరు మీద పైవీధికి ఆపావు?"

"సందుకోసమే వదులుతున్నానని మా అక్క అనుకుంది సార్," అన్నాడు నీళ్ళాయన.

సాయంత్రానికి మెమో చేతిలో పెట్టారు. సంతకం చేసి తీసుకున్నాడు. మర్నాడూ అదే పని చేశాడు, ఆ మర్నాడూ చేశాడు. మేడింటావిడ తిట్లు ఇప్పుడు పావుగంట పెరిగాయి.

ఎవరూ పోలేదు. ఐదో రోజున అక్కను ఇంటికి పంపారు. ఇస్త్రీ బల్ల పక్కన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది, గాలి వస్తే పడిపోయేలా ఉంది. నీళ్ళాయన ఆ పూట మందు రంగు చూసి, ఒకటికి రెండుసార్లు చూసి, మొదటి బిందె తనే మోసుకొచ్చాడు. గ్లాసు కడిగి నింపి అందించాడు.

"ఇవి మీకోసమే వదిలానక్కా."

ఆవిడ గ్లాసు అందుకుంది. వెలుతురులోకి ఎత్తి చూసింది. తాగలేదు, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"పొయ్యి మీద పెట్టరా," అంది. "కాచాక తాగుతాను."

ఆయన లేచి పొయ్యి వెలిగించాడు.