వణుకు దాచిపెట్టిన యంత్రం

మా ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. ఆ చేత్తోనే మొన్నటిదాకా ఫ్యూజన్ రియాక్టర్‌లో బోల్టులు బిగించాడంటే నమ్ముతారా?

రియాక్టర్ ఒకసారి నడిచిందంటే దాని గోడలకు రేడియేషన్ పట్టేస్తుంది, లోపలికి ఎవరూ వెళ్లకూడదు. అందుకని ఈయన వేరే గదిలో కూర్చుని, మెడ వంచి తెరలోకి చూస్తూ, రెండు పిడులు పట్టుకుని చేతులాడిస్తే, లోపల రోబో చేతులు అచ్చం అలాగే ఆడతాయి. అరిగిన పలకలు ఊడదీయడం, కొత్తవి బిగించడం. ఇరవై రెండేళ్లుగా అదే పని. బోల్టు సరిగ్గా పట్టిందో లేదో పిడిలోనే తెలిసిపోతుందని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు మహానుభావుడు!

ఇంట్లో మాత్రం గ్లాసు ఎత్తితే సగం కాఫీ చొక్కా మీదే. గుండీలు పెట్టమని నన్ను పిలిచేవాడు. డాక్టర్ దగ్గరికి పదమంటే, "ఆఫీసులో వెంట్రుకవాసి తేడా రాదే నాకు! ఇంటికొచ్చాక అలసట, అంతే" అనేవాడు. నేనూ నమ్మాను. పైగా ఇంటిపని తప్పించుకోవడానికి వేషాలని దెప్పాను. నా నోరు పడిపోను!

మొన్న ఆ రోబో చేతుల్ని ఆడించే కొత్త యంత్రం వస్తే పరీక్షించడానికి ఈయన్నే కూర్చోబెట్టారు. పిడి పట్టుకోగానే రోబో చెయ్యి టపటపా పలకకేసి కొట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు వేళాకోళమనుకుని నవ్వారట. పాత యంత్రంలో చేతి వణుకును వడకట్టేసే ఫిల్టర్ ఉంది. కొత్తదానికి ఇంకా పెట్టలేదు.

డాక్టర్ స్కానింగ్ చూసి, "మెడలో నరం నలిగిపోయింది. మూడేళ్ల కిందట వచ్చుంటే చెయ్యి బాగయ్యేది. ఇప్పుడు వెంటనే ఆపరేషన్ చేస్తే ఇంకా ముదరకుండా ఆపగలం, అంతే" అన్నాడు.

సెలవు అడగడానికి ఇద్దరం సెక్షన్ హెడ్ దగ్గరికి వెళ్లాం. ఆ పెద్దమనిషి కంప్యూటర్ మావైపు తిప్పాడు. ఏ రోజు ఎంత వణుకు తీసేసిందో ఫిల్టర్ రాసిపెడుతుందట. మూడేళ్లుగా గీత పైపైకి పోతోంది. నెలనెలా అది చూసి సంతకం పెట్టింది ఈ పెద్దమనిషే.

"మరి ఒక్క ముక్క చెప్పలేదేం?" అన్నాను. ఒళ్లు మండిపోయింది.

"పనిలో ఎక్కడా తేడా రాలేదమ్మా. మీ ఆయనలాంటి పనివాడు ఇంకొకడు లేడు. ఎలా వదులుకుంటాం?" అన్నాడు, అదేదో సన్మానం చేస్తున్నట్టు.

కడిగిపారేద్దామని నోరు తెరిచాను. అంతలో మా ఆయన ముందుకు వంగాడు.

"ఆ ఫిల్టరేదో కొత్తదానికీ పెట్టించండి సార్. సోమవారం వచ్చేస్తా. ఆపరేషన్ సంగతి ఈ మరమ్మతులయ్యాక చూసుకుందాం."