గణేశ్వరరావు సాక్ష్యం

దీవుల్లోని హాడో రేవులో గణేశ్వరరావు గొంతు తెలియనివాడు లేడు. ఓడ అడుగు నుంచి సరుకు తీసేటప్పుడు డెక్కు అంచున నిలబడి, క్రేను నడిపేవాడికి చెయ్యి ఊపుతూ కేకవెయ్యడం అతని ఉద్యోగం. పైకెత్తాలంటే "హబేస్", దించాలంటే "ఆరియా". ముప్పై ఏళ్ళు ఈ రెండు మాటలే అరిచి అరిచి, గాలినీ వాననీ ఇంజన్ల రొదనీ దాటుకుపోయే గొంతు సంపాదించాడు. ఇంట్లో మంచినీళ్ళడిగినా పక్క క్వార్టర్లో పిల్లలు ఉలిక్కిపడేవారు.

ఆ గొంతు రేవులోనే ఉండిపోతే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. బాస్కెట్‌బాల్ కోర్టు దాకా పోయింది, అక్కడే వచ్చింది తంటా అంతా.

అతను కాలేజీ మొహం చూసినవాడు కాదు. తండ్రి శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చి చాతం మిల్లులో దుంగలు దొర్లించి బతికాడు. కొడుకు పదో తరగతి తప్పి రేవులో పడ్డాడు. కూతురు హిమబిందు మాత్రం ఊళ్ళో పాత కాలేజీలో డిగ్రీ చదివింది. ఆ పిల్ల పిలిచిందని ఒకసారి కాలేజీల పోటీ చూడ్డానికి వెళ్ళి, తమవాళ్ళు బంతి బుట్టలో వేసిన ఊపులో అలవాటుకొద్దీ "హబే...స్" అని అరిచాడు. గ్యాలరీ మొత్తం వెనక్కి తిరిగి చూసింది. రెండోసారి అతనితోపాటు నాలుగు వందల గొంతులు అరిచాయి.

అంతే, మనిషి ఆ మోజులో పడిపోయాడు. కూతురు చదువు పూర్తయి, పెళ్ళయి, రంగత్ వెళ్ళిపోయింది. ఈయనగారు మాత్రం ఏటా ముందు వరసలో హాజరు. పాపం, రేవులో "ఏయ్ సిగ్నల్" అని తప్ప పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. ఇక్కడేమో పిల్లలు "చాచా, చాచా" అని చోటిచ్చి కూర్చోబెడతారు, చెయ్యెత్తితే లేస్తారు, దించితే కూర్చుంటారు. ఎవరికి మాత్రం చేదు? అవతలి జట్టుని ఏడిపించే పాటలు కట్టడం కూడా అతనికే అప్పజెప్పారు. ఒకడి నడక మీద, ఒకడి జుట్టు మీద, ఒకడి తొట్రుపాటు మీద ఒక్కో మాట వదిలేవాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు చెవిన పడితే చాలు, రెండు పూటలా అన్నం లేకపోయినా ఫరవాలేదనిపించేది అతనికి.

నాలుగేళ్ళు వరసగా కప్పు పాత కాలేజీదే. ఐదో ఏడు కొత్త కాలేజీ జట్టులోకి యుగంధర్ వచ్చాడు. ఆరడుగుల మూడంగుళాల పొడుగు. వాడు ఎగిరితే ఆపేవాడు లేడు. కప్పు చేజారింది. అక్కణ్ణుంచీ మొదలైంది కడుపుమంట.

ఆ పోటీలో ఆడాలంటే దీవులవాడై ఉండాలి, దీవులవాడినన్న కార్డు ఉండాలి. బాగా ఆడినవాడికి ఆ కార్డు మీద ఆటల కోటాలో ఉద్యోగం దొరుకుతుంది. యుగంధర్ కార్డు దొంగదని ఎవడో పుట్టించాడు. పదమూడేళ్ళప్పుడు మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చాడట, ఐదో తరగతి, ఆరో తరగతి అక్కడే చదివాడట, ఇక్కడ పుట్టినట్టు ఒక్క కాగితమూ లేదట. వారం తిరిగేసరికి ఊరంతా అదే మాట. వాడు ఎన్ని బుట్టలు వేశాడో అడిగేవాడు లేడు గానీ, వాడి పుట్టుక గురించి మాట్లాడనివాడు లేడు.

మరి గణేశ్వరరావుకి తెలుసా అంటే, తెలుసు. అందరికంటే బాగా తెలుసు. యుగంధర్ తండ్రి పోలిరాజు, తనూ పన్నెండేళ్ళు ఒకే గ్యాంగులో పనిచేశారు, ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. పోలిరాజు భార్య కళ్యాణికి నొప్పులొచ్చిన రోజున అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ నుంచి తెల్లవారుజాము ఫెర్రీలో తీసుకొస్తే, చాతం జెట్టీ దగ్గర జీపుతో కాచుకుని ఆసుపత్రికి చేర్చినవాడు ఈ గణేశ్వరరావే. తండ్రి తర్వాత బిడ్డని ఎత్తుకున్నదీ ఇతనే. ఆ ఏడే డిసెంబరులో సునామీ నీళ్ళు ఇంట్లో దూరి పెట్టె పట్టుకుపోయాయి. పెట్టెలో ఉన్న కాగితాలూ పోయాయి. పిల్లాడికి ఐదేళ్ళప్పుడు పోలిరాజు కామెర్లతో చచ్చిపోతే, దిక్కులేక కళ్యాణి పుట్టింటికి సోంపేట వెళ్ళి, అక్కడా గడవక ఎనిమిదేళ్ళకి తిరిగొచ్చి, ఒక హాస్టల్లో వంటకి కుదిరింది. అదీ సంగతి.

ఈ ముక్క గ్యాలరీలో ఒక్కసారి లేచి చెబితే ఆ పుకారు అక్కడే చచ్చేది. చెప్పాడా? లేదు. చెబితే పాట ఆగిపోతుంది. పైగా కప్పు మళ్ళీ కొత్త కాలేజీకే పోతుంది. "ఆటలో సరదాకి అనే మాటల్ని ఎవరు లెక్కచేస్తారులే" అని తనకి తనే చెప్పుకున్నాడు, మహానుభావుడు.

ఈ ఏడు లీగులో రెండు కాలేజీలూ తలపడ్డ రోజు గ్యాలరీ క్రిక్కిరిసిపోయింది. బన్నీ అనే కుర్రాడు, పాత కాలేజీ అభిమానుల నాయకుడు, మంచం పలకంత అట్టముక్క తెచ్చాడు. దాని మీద దీవుల కార్డు బొమ్మ, ఫొటో ఉండాల్సిన చోట ఒక ప్రశ్న గుర్తు. ఆ ఆలోచన గణేశ్వరరావుదే. కాగితప్పడవలు కూడా అతని ఆలోచనే. పాత నోటుపుస్తకాలు చించి రెండు గోనెల నిండా పడవలు చేయించాడు.

యుగంధర్ ఫ్రీ త్రో వెయ్యడానికి గీత దగ్గర నిలబడ్డాడు. గణేశ్వరరావు లేచి చెయ్యెత్తాడు. "జహాజ్ సే ఆయా" అని అతనన్నాడు. "జహాజ్ సే జా" అని నాలుగు వందలమంది అందుకున్నారు. ఓడలో వచ్చావు, ఓడలోనే పో అని. పడవలు వానలా కోర్టులో పడ్డాయి. బంతి ఇనుప చట్రానికి కొట్టుకుని పక్కకి పోయింది. రెండోదీ పోయింది. నవ్వులు, ఈలలు, ఒకటే గోల. గణేశ్వరరావు కుర్చీ ఎక్కి మరీ అరిచాడు. ఎవడో అదంతా ఫోనులో తీశాడు.

అసలు నాకు తెలియక అడుగుతాను, అడవుల్లో ఉన్న ఆ అసలు మనుషుల్ని పక్కనపెడితే, ఈ దీవులకి ఓడలో కాక ఈదుకుంటూ వచ్చినవాడెవడండీ? గణేశ్వరరావు తండ్రి వచ్చింది దేంట్లో? అరిచిన నాలుగు వందలమందిలో ఎవడి తాత వచ్చింది దేంట్లో? సిగ్గుండాలి.

ఆట పాత కాలేజీ గెలిచింది. యుగంధర్ పడవల మధ్యలోంచి తలొంచుకుని నడిచి వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో ఆ వీడియో దీవులన్నీ తిరిగింది. మూడోరోజు ఎవరో దాన్ని జతచేసి ఫిర్యాదు రాశారు. వారం తిరక్కుండా యుగంధర్‌కి నోటీసొచ్చింది: ఇక్కడ పుట్టినట్టు రుజువు చూపాలి, లేకపోతే కార్డు రద్దు.

నోటీసు పట్టుకుని కళ్యాణి హాడో క్వార్టర్స్‌కి వచ్చింది. వెనక యుగంధర్. గుమ్మం తగలకుండా వంగి లోపలికొచ్చాడు. గణేశ్వరరావుకి వాడి మొహం చూడాలంటే తల కొట్టేసినట్టయింది.

"అన్నియ్యా, ఆస్పత్రిలో అప్పటి పుస్తకాలు లేవన్నారు. కాగితాలు పోయినోళ్ళకి, పుట్టినప్పుడు చూసిన పాత కాపురస్తుడు ఒకడొచ్చి చెబితే సాలంట" అంది కళ్యాణి. "ఆ గ్యాంగులో ఉన్నోళ్ళు ముగ్గురు పోనారు, ఇద్దరు సొంతూళ్ళకి ఎలిపోనారు. నువ్వు తప్ప నాకింకెవులున్నారు? కార్డు పోతే ఈడికి పోలీసుల్లో ఉజ్జోగం పోతాది. ఆ సెలెక్షను ఒచ్చే నెలే."

ఆటలో జరిగిన దాని గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు. కుర్రాడూ ఎత్తలేదు. భార్య రమాదేవి టీ గ్లాసులు పెట్టి, మొగుడి వైపు చూసిన చూపు ఉందే, అది చాలు. గణేశ్వరరావు గబగబా అన్నాడు:

"ఓసోస్, ఇదేనేటమ్మా? నానొస్తాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. నా చేతుల్తో ఎత్తుకున్న గుంటడు."

అలా అంటుంటే అతని గుండె తేలికైపోయింది. చేసిన వెధవపని ఒక్క సంతకంతో తుడిచేసుకోవచ్చని సంబరపడ్డాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

విచారణ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన రేవు గుర్తింపుకార్డూ, తండ్రి మిల్లు కాగితాలూ సంచీలో పెట్టుకుని, తల్లీకొడుకులతో కార్డులిచ్చే ఆఫీసుకి వెళ్ళాడు. ఆఫీసరు నడివయసు మనిషి, మర్యాదగానే కూర్చోమన్నాడు, హిందీలో అడిగాడు. గణేశ్వరరావు అంతా చెప్పాడు. తెల్లవారుజాము ఫెర్రీ, చాతం జెట్టీ, జీపు, ఆసుపత్రి వరండా, పోలిరాజు ఏడుపు. ఆఫీసరు రాసుకుంటూ తల ఊపాడు. కళ్యాణి కళ్ళు తుడుచుకుంది. సంతకం పెట్టమని కాగితం జరిపాడు. గణేశ్వరరావు పెట్టాడు.

అప్పుడు ఆఫీసరు ఫైల్లోని ఫిర్యాదు చూసి, పక్కనున్న కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. కుర్చీ ఎక్కి చెయ్యెత్తిన మనిషి. పడవలు. ఆ గొంతు గది నిండిపోయింది. గుమాస్తా గతుక్కుమని శబ్దం తగ్గించాడు.

"ఇది మీరేనా?"

"నేనే సార్."

"ఈ కుర్రాడు ఓడలో వచ్చాడని ఇక్కడ మీరే అంటున్నారు. ఆసుపత్రిలో పుట్టాడని ఇప్పుడు మీరే అంటున్నారు. నేను ఏది రాసుకోవాలి?"

"అది ఆటలో, సరదాకి అన్నది సార్. ఉత్తినే."

"సరదాకి అబద్ధం చెప్పేవారు, స్నేహితుడి భార్య కోసం చెప్పరా?" అని అడిగాడు ఆఫీసరు. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఈ ఫిర్యాదు పంపినవాళ్ళు రేపు పైకి వెళితే, నా చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్షి మీరు. మీ మాట మీద నిలబడి నేనేం రాయను, చెప్పండి?"

గణేశ్వరరావు యుగంధర్ వైపు చూశాడు. వాడు తెర వైపే చూస్తున్నాడు, ఆగిపోయిన బొమ్మలో గీత దగ్గర నిలబడ్డ తనని తను చూసుకుంటున్నాడు. ఆఫీసరు సంతకం మీద అడ్డంగా గీత కొట్టి, సాక్ష్యం నమ్మదగినది కాదని రాశాడు. కార్డు రద్దు. కావాలంటే మూడు నెలల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. సెలెక్షను వచ్చే నెలే.

మెట్లు దిగేసరికి కింద బన్నీ, మరో పదిమంది మోటారుసైకిళ్ళ మీద ఉన్నారు. చాచా ఆఫీసుకి వెళ్ళాడని ఎలాగో తెలిసింది, యుగంధర్ మీద చెప్పడానికే వెళ్ళాడని వాళ్ళకి వాళ్ళే అనుకున్నారు.

"చాచా! కామ్ హో గయా? ఆడి పేరు కొట్టీసినారు కదా? ఫైనల్ మనదే ఇంక!" అని బన్నీ వచ్చి కావలించుకున్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఫోండెహే!" అని గణేశ్వరరావు తోసేశాడు. చాచా వేళాకోళమాడుతున్నాడనుకుని ఇంకా నవ్వారు. యుగంధర్ వాళ్ళని చూసి, అమ్మతో ఏమీ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. వాడి వీపు మీద కూడా ఒకడు ఈల వేశాడు.

కళ్యాణి మెట్ల మీదే ఆగింది. బళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడడిగింది.

"అన్నియ్యా, ఒక్క మాట సెప్పు. ఆ రోజు అరిసేటప్పుడు, ఆడు పోలిరాజు కొడుకని నీకు తెలుసా, తెలీదా?"

తెలీదని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడు.

"తెలుసమ్మా."

"తెలిసే అరిసేవా?"

"అందరూ నవ్వుతున్నారమ్మా" అన్నాడు గణేశ్వరరావు. వెతికి చూసుకుంటే అతని దగ్గర వేరే కారణమేదీ లేదు.

కళ్యాణి తల ఊపింది. నోటీసు కాగితాన్ని మడతలు పెట్టి సంచీలో దోపుకుంది.

"నానూ ఒచ్చినానన్నియ్యా ఆ రోజు. ఆడోళ్ళ వరసలో కూకున్నాను. పక్కనున్నామె నా బుజం మీద కొట్టి, సూడు సూడు, ఎలా బెదిరిపోనాడో అని నవ్వింది. నవ్వకపోతే ఆడి తల్లినని తెలిసిపోతాదని, నానూ నవ్వీసినాను."